పులిచింతాకు పప్పూ, ఇంజను దొర ఊరేగింపూ

మా అత్త పోయింది. ఇంజను దొర పండగ ఇంకో వారంలో ఉందనగా పోయింది. పొద్దున్న చద్దన్నంలో ఉల్లిపాయ కొరుక్కుని తిని, "ఒలే, కూసింతసేపు నడుం వాలుస్తాను, పొయ్యి మీద పప్పు సూస్తుండు" అని నాతో చెప్పి పడుకుంది. పప్పు ఉడికింది, అత్త లేవలేదు. ఏ పని చేసినా వీధి వీధంతా పిలిచి చేసే మనిషి, ఈ ఒక్క పనీ గుట్టుగా చేసుకుపోయింది.

అత్త లేని కోడలు ఉత్తమురాలు అని మన వైపు సామెత. నేను ఉత్తమురాలినై నెల దాటింది. ఏమీ బాగాలేదు. ఆవిడ నాకు మేనత్త కూడాను, మా నాన్నకి అక్క. చంటిపిల్లగా నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషే తరవాత కోడలిగా తెచ్చుకుంది. అందుకని తిట్టేటప్పుడు రెండు వరసల్లోనూ తిట్టేది, పెట్టేటప్పుడు కూడా రెండు వరసల్లోనూ పెట్టేది.

ఆ రోజు మా గుమ్మంలోకి మొదట వచ్చినవాడు ఇంజను దొర. ఆయనది ఐర్లండు దేశం. ఇక్కడ బర్మా దేశపు రంగంలో, అహ్లోన్ బియ్యపు మిల్లులో ముప్పయ్యేళ్ల పైచిలుకు ఆవిరి ఇంజను నడిపించి, పని మానుకున్నాక మా వీధి చివర చెక్క ఇంట్లో ఉంటున్నాడు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లల్లేరు. టోపీ తీసి చంకలో పెట్టుకుని మా మెట్ల మీద కూర్చున్నాడు. అత్తని తీసుకెళ్లేదాకా అలాగే కూర్చుని, కూడా వచ్చి, అన్నీ అయ్యాక మా మావయ్య దగ్గరికి వెళ్లాడు.

"ఈ ఏడు మా పండగ నేదు మేస్త్రీ. ఆయమ్మే నేకపోతే పండగేటి" అన్నాడు.

దొర మాట్లాడేది శ్రీకాకుళం తెలుగు. ఇంజను గదిలో మా వాళ్ల దగ్గర నేర్చుకున్నది, అందులో తిట్లే ఎక్కువ. ఆ రోజు మాత్రం ఒక్క తిట్టూ లేదు. ఆ మాట విని మా వీధి ఆడవాళ్లు ఏడుపు మధ్యలో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అత్త పోవడం ఒక ఎత్తు. ఆ ఊరేగింపు ఆగిపోవడం ఇంకో ఎత్తు. అది ఒక్క ఏడు ఆగితే మరి లేవదని అందరికీ తెలుసు.

ఓడ మూటలు మోసుకుని బతికే తెలుగువాళ్ల వీధికీ, ఎక్కడో సముద్రాల అవతలి ఐర్లండు పండక్కీ సంబంధం ఏమిటని మీరు అడగొచ్చు. సంబంధం మా అత్తే. ఆ సంగతి చెప్పాలంటే ముందు ఆవిడ ఆకుకూరల పిచ్చి గురించి చెప్పాలి.

ఎక్కడ ఆకు కనపడితే అక్కడ అత్త చెయ్యి ఆగదు. మొదటిసారి ఓడ దిగిన రోజున మూటలన్నీ మావయ్య నెత్తిన పెట్టి, రేవు గోడ పక్కన మొలిచిన పొన్నగంటి కూర గిల్లుకుంటూ వెనకబడిపోయిందట. మావయ్య జనంలో హడలిపోయి వెతుక్కుంటూ వచ్చి చూస్తే ఒడి నిండా కూర. "కొత్త దేశంలో మొదటి పూటే కూర కొనుక్కు తింతామేటి, సిగ్గుసేటు" అందట. బర్మావాళ్లు గోంగూర తింటారని తెలిసిన రోజున ఈ దేశం మీద ఆవిడకున్న భయమంతా పోయింది. "గోంగూర తినే జాతి సెడ్డ జాతి అవ్వదు" అని తేల్చేసింది.

ఎదురింటి డా ఖిన్‌తో స్నేహం అక్కడే మొదలు. డా ఖిన్ బర్మా ఆవిడ, వీధి మొదట్లో కూర్చుని చేపల పులుసు పోసిన మొహింగా అమ్ముతుంది. అత్తకి బర్మా రాదు, ఆవిడకి తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చు. అయినా ఇద్దరూ మధ్యాహ్నం పూట గుమ్మంలో కూర్చుని గోంగూర వలుచుకుంటూ గంటలకి గంటలు మాట్లాడుకునేవారు, పడిపడి నవ్వుకునేవారు. ఏం మాట్లాడుకున్నారత్తా అంటే "నువ్వు సిన్నదానివి, నీకెందుకు" అనేది. నాకు అప్పటికి ఇద్దరు పిల్లలు.

సరే, ఐదారేళ్ల కిందటి మాట. చలి తగ్గి ఎండ ముదురుతున్న రోజుల్లో ఇంజను దొరకి జ్వరం తగిలింది. ఒంటరివాడు కదా అని అత్త చారు కాచి తీసుకెళ్లేది. ఒక రోజు వెళ్లేసరికి ఆయన లోపల మంచం మీద మూలుగుతున్నాడు. వరండాలో నీడపట్టున తడిగుడ్డ కప్పిన పెద్ద మట్టి తొట్టి ఉంది. ఆకు వాసన తగిలిందో ఏమో, అత్త గుడ్డ ఎత్తి చూసింది. తొట్టి నిండా లేతగా, మూడేసి రెక్కలతో పులిచింతాకు.

మన దొడ్లలో తడి నేల మీద పాకే పులిచింతాకు మీకు తెలియనిది కాదు. పప్పులో వేస్తే పుల్లగా, జ్వరం పడ్డ నోటికి ఎంతో హితవుగా ఉంటుంది. అత్తకి దొర మీద గౌరవమూ జాలీ ఒకేసారి పుట్టాయి. "ఒక్కడూ ఉండి ఎంత సక్కగా పెంచుకున్నాడు, వండుకోడం రాక ఒగ్గీసినాడు పాపం" అని, మొదలంటా కోసి కొంగులో వేసుకొచ్చింది.

పప్పు ఉడికాక రుచి చూసింది. పులుపు లేదు. నన్ను చూడమంది. నాకూ తగల్లేదు. "ఈ దేశం నీళ్లకి పులిచింతాకు కూడా సప్పబడిపోనాది" అని నీళ్లని తిట్టి, నిమ్మకాయంత చింతపండు పిసికి, ఎండుమిరపకాయలూ వెల్లుల్లీ దండిగా వేసి పోపు పెట్టింది. దొర ఆ పప్పన్నం మళ్లీ వేయించుకుని తిన్నాడు. తిన్నాక చెమట పట్టి జ్వరం దిగింది. అత్త ఇంటికొచ్చి మావయ్యతో ఆ గొప్ప చెప్పుకుంది.

మర్నాడు ఖాళీ గిన్నె తెచ్చుకుందామని నేనూ అత్తా వెళ్లాం. దొర కాస్త తేరుకుని వరండాలోకి వచ్చి, తొట్టి పక్కన నిలబడి ఉన్నాడు. తడిగుడ్డ ఆయన చేతిలో ఉంది.

"ఇందులో ఆకు ఏటయినాదమ్మా?" అన్నాడు.

"నిన్న తిన్నావు కదేటి బావూ" అంది అత్త.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. తరవాత నెమ్మదిగా చెప్పాడు. అది పులిచింతాకు కాదు. చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ వాళ్ల దేశపు ఆకు. వాళ్ల దేశాన్ని కాచే పాట్రిక్ అనే సాధువుది ఆ ఆకు. ఆయన పండగనాడు ఐర్లండువాళ్లు ఏ దేశంలో ఉన్నా ఆ రెమ్మ గుండె మీద గుచ్చుకుని ఊరేగింపుగా నడుస్తారు. దొర చెల్లెలు విత్తనాలు పంపితే, రంగం ఎండకి మాడిపోకుండా తడిగుడ్డలు మార్చి మార్చి చంటిబిడ్డని సాకినట్టు సాకాడు. పండగ నాలుగు రోజుల్లో ఉంది.

అత్త మొహం పాలిపోయింది. "సామి ఆకా? సామి ఆకుని నాను పోపెట్టీసినానా?" అని చెంపలు వాయించుకుంది.

దొర తల దించుకుని ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని నేను దగ్గరికి వెళ్లాను. చూస్తే నవ్వుతున్నాడు. "నా సామిని సింతపండేసి తినీసినానమ్మా! మళ్లీ ఏయించుకుని మరీ తిన్నాను!" అని దగ్గు తెర వచ్చేదాకా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. అత్త ఒక్కతే నవ్వలేదు.

నవ్వు తగ్గాక అసలు సంగతి బయటికొచ్చింది. "పోనీలేమ్మా, ఆకుంటే మాత్రం ఎవుడికి గుచ్చాల?" అన్నాడు. ఒకప్పుడు ఈ ఊళ్లో వాళ్ల పటాలం ఉండేదట. బ్యాండు వాయిస్తూ వాళ్ల గుడి నుంచి ఏటి ఒడ్డు దాకా బారులు తీరి నడిచేవారట. యుద్ధం తరవాత పటాలం వెళ్లిపోయింది. ఆ తరవాత వాళ్ల దేశానికి స్వరాజ్యం వచ్చిందని కబురు తెలిసి, ఇక్కడ మిగిలినవాళ్లూ ఒక్కొక్కరే ఓడ ఎక్కారు. ఇప్పుడు ఉన్నదల్లా ఆయనా, ఆడపిల్లల బడి నడిపే ఇద్దరు సిస్టరమ్మలూ, కాలు కుంటుపడి ఇక్కడే ఆగిపోయిన ఒక ముసలి ఓడ సరంగూ.

"నలుగురం నడిస్తే ఊరేగింపంతారా? దేనికో తగువు పడి పోలీసుటేసనుకి పోతన్నారంతారు" అన్నాడు దొర.

అత్త కళ్లు తుడుచుకుని, "అదేటి బావూ, సొరాజ్జెం వస్తే పండగ పెద్దదవ్వాల గానీ సిన్నదవుతాదేటి?" అంది.

"మడుసుల్నేరమ్మా."

"మడుసుల్నేకపోడమేటి? మేం కామేటి?"

ఆ మాట నేను నా చెవులతో విన్నాను. మా అత్త అన్న మాటలన్నిట్లోకీ నాకు అదే ఇష్టం.

ఇంటికొచ్చి మావయ్యతో చెప్పింది. మావయ్య మూటలు మోసేవాళ్ల మీద మేస్త్రీ, పైగా పండగలకీ పెళ్లిళ్లకీ డోలు వాయిస్తాడు. సామికి చేసిన అపచారం సామి పండగ చేస్తేనే తీరుతుందని అత్త వాదన. మావయ్య వద్దనలేదు. వద్దని లాభం లేదని ఆయనకి పెళ్లయిన కొత్తలోనే తెలిసింది.

బొట్టు పెట్టి పిలవందే మన ఆడవాళ్లు ఏ శుభానికీ కదలరు. పిలిచాక రాకుండా ఉండరు. అత్త కుంకుమ భరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. వెనక నేను.

"పాట్రిక్కు సామి ఊరేగింపు, ఇంటిల్లిపాదీ రావాల."

"ఏ సామి వొదినా?"

"దొర్ల సామి. నాను ఆయన ఆకు తినీసినాను, మీరొచ్చి నన్ను గట్టెక్కించాల."

ఇంత చక్కగా చెప్పాక ఎవరు కాదంటారు? నవ్వుతూనే నుదురు చాపారు. సిస్టరమ్మల బడికి వెళ్లి, వాళ్లు ఏమిటని అడిగేలోపే ఇద్దరికీ బొట్టు పెట్టేసింది. పెద్ద సిస్టరమ్మ తుడుచుకోబోయి, అత్త మొహం చూసి మానేసింది. డా ఖిన్‌కీ పెట్టింది. డా ఖిన్ ఆ బొట్టు సాయంత్రం దాకా ఉంచుకుని, మొహింగా తినడానికి వచ్చినవాళ్లందరికీ చూపించింది.

పిలుపులయ్యాక ఆకు పని. మిల్లు గోడల వెంబడి నీళ్లు జారే చోట అసలైన పులిచింతాకు కుప్పలుగా ఉంటుంది. ఆడవాళ్లమంతా బుట్టలు పట్టుకుని వెళ్లి కోసుకొచ్చాం. దొర కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "ఇది అది కాదమ్మా" అన్నాడు.

"రెక్కలు మూడున్నాయా నేదా?"

"ఉన్నాయి."

"పచ్చగుందా నేదా?"

"ఉంది."

"మరేటి?"

దొర కళ్లద్దాలు తీసేసి, "మా సామి రంగం ఎప్పుడూ రానేదు, ఆయనకేటి తెలుస్తాది" అని మొదటి రెమ్మ తనే కోటుకి గుచ్చుకున్నాడు.

ఇక సామి పటం. ఆకుపచ్చ అంగీ తొడుక్కున్న గడ్డం ఆయన, కాళ్ల దగ్గర పాములు. అత్త చేతులు జోడించింది. పాముల్ని తమ దేశంలోంచి తరిమేసిన మహిమ ఆయనదని దొర చెప్పేసరికి జోడించిన చేతులు సగంలో ఆగాయి. నాగులచవితికి పుట్టలో పాలు పోసే మనిషి మరి. "తరిమీడమెందుకు బావూ, పాలోస్తే ఆటి తోవన అయ్యి పోవా?" అని అడిగింది. ఊక గుట్టల్లో పాములతో వేగలేకపోతున్న మావయ్య మాత్రం ఊరేగింపు ముందు మిల్లు వెనక నుంచి వెళ్లాలని పట్టుబట్టాడు.

పండగనాడు ఎండ పెళపెళలాడుతోంది. పటం పట్టుకుని దొర, పక్కన కుంటుకుంటూ సరంగు, గొడుగులేసుకుని సిస్టరమ్మలు, మావయ్య డోలు, సన్నాయి, వెనక మా వీధి వీధంతా. దొర వాళ్ల దేశపు పాట ఒకటి ఈలవేసి సన్నాయి అతనికి నేర్పాడు. అతను బాగానే అందుకున్నాడు గానీ, ఎంత వాయించినా చివరికి తాళి కట్టే వేళ మేళంలోకే తెచ్చి దింపేవాడు. అప్పుడల్లా మావయ్య డోలు మీద విజృంభించేవాడు, మేమంతా అలవాటు కొద్దీ పూలూ అక్షింతలూ విసిరేవాళ్లం.

గుడి నుంచి ఏటి ఒడ్డు దాకా చిన్న దూరమే. కానీ దేవుడు ఇంటి ముందుకొస్తే బిందెతో పసుపునీళ్లు వారపోసి, హారతిచ్చి పంపడం మన ఆనవాయితీ. అంతవరకూ దేవుడు కదలకూడదు. ప్రతి గుమ్మం ముందూ పటం ఆగింది, ప్రతి గుమ్మం ముందూ నీళ్లు పడ్డాయి. దొర తెల్ల పంట్లాం మోకాళ్ల దాకా పసుపైంది. ఎందుకు ఆపుతున్నారో మొదట ఆయనకి అర్థం కాలేదు. తెలిశాక ఎవరైనా బిందె తేవడం ఆలస్యమైతే తనే ఆగి, "ఓలమ్మా, నీళ్లేవీ?" అని కేకేశాడు.

అక్కడే ఇంకో సరదా జరిగింది. ఆ పై నెలలో బర్మావాళ్ల కొత్త సంవత్సరం, దారినపోయేవాళ్ల మీద నీళ్లు పోసుకునే పండగ. మా బిందెలు చూసి రోడ్డు అవతలి బర్మావాళ్లు, ఈ ఏడు ఎవరో ముందే మొదలెట్టారు కాబోలు అనుకున్నారు. మొదటి కుండ డా ఖిన్‌దే. అది వచ్చి సరిగ్గా సరంగు నెత్తిన పడింది. ఆ తరవాత ఎవరు ఎవరి మీద పోశారో చెప్పలేను. సిస్టరమ్మల గొడుగులు వెల్లకిలా తిరిగాయి. మావయ్య డోలు తడిసి మద్దెలో డప్పో తెలియని మోత మోగింది. దొర పటాన్ని కోటులో దాచుకుని, మీసాల్లోంచి నీళ్లు కారుతుండగా ఏటి ఒడ్డున నిలబడ్డాడు.

అత్త భయపడుతూ దగ్గరికి వెళ్లింది. "అపచారం మీద అపచారం అయిపోనాది బావూ" అంది.

దొర తల అడ్డంగా ఊపాడు. "మా ఊర్లో ఈ పండక్కి ఎప్పుడూ వానేనమ్మా. తడవకుండా ఇంటికి పోనోడు నేడు. ఈ దేశమొచ్చినాక అన్నేళ్లూ ఎండలోనే నడిసినాను. ఇన్నాళ్లకి తడిసినాను" అన్నాడు. ఆయన కళ్లలోవి ఏ నీళ్లో ఎవరూ అడగలేదు. అత్త మాత్రం అప్పటికి నవ్వింది.

అలా మొదలైంది. ఆ తరవాత ప్రతి ఏడూ అత్త చిలకపచ్చ చీర కట్టి, భరిణె పట్టుకుని బయల్దేరేది. పండగ భోజనానికి మా పులిచింతాకు పప్పు, డా ఖిన్ మొహింగా, సిస్టరమ్మలు చేసే కిస్మిస్ రొట్టె. దొర మళ్లీ తొట్టిలో తన ఆకు పెంచాడు. దాని చుట్టూ ముళ్ల కంప కట్టి, "మేకలొచ్చినా పర్లేదు, మేస్త్రీ పెళ్లాం రాకూడదు" అనేవాడు. ఒక ఏడు మిల్లులో పని సన్నగిల్లి ఇళ్లల్లో పొయ్యిలు సరిగా వెలగక, ఈసారికి ఊరుకుందామని మావయ్య అన్నాడు. "ఏడుపు ఎప్పుడైనా ఏడవొచ్చు. పండగ ఏడాదికోపాలే" అంది అత్త. ఆ ఏడు పప్పు పల్చగా కాచి ఊరేగింపు చేశాం. సరంగు చనిపోయిన ఏడు ఆయన చోట ఆయన చేతికర్రని పట్టుకుని అత్తే నడిచింది, కాస్త కుంటుతూ కూడా నడిచింది. దొర అది చూసి నవ్వలేక, నవ్వకుండా ఉండలేక అవస్థ పడ్డాడు.

ఇప్పుడు అత్తే లేదు. మా ఇంటికి మైల. మైల ఉన్న ఇంటివాళ్లం భరిణె ముట్టకూడదు, ఎవరికీ బొట్టు పెట్టకూడదు, దేవుడికి ఎదురు రాకూడదు. మిగతా ఆడవాళ్లని కదిలిస్తే ఎవరూ ముందుకు రాలేదు. ఇష్టం లేక కాదు. ఆవిడ పట్టిన భరిణె పట్టడానికి చేతులు రావడం లేదని ఏడ్చారు.

దొర రోజూ సాయంత్రం వచ్చి మా మెట్ల మీద కూర్చుని వెళ్లేవాడు. మూడో రోజో నాలుగో రోజో మావయ్య లోపలి నుంచి పలికాడు.

"దొరబాబూ, మైల మా ఇంటికి గానీ మీ సామికి కాదు. పండగాపితే అది నన్ను పైకెళ్లినాక కూడా బతకనివ్వదు. ఏడుపు ఎప్పుడైనా ఏడవొచ్చనీది."

"ఎవుడు పిలుస్తాడు మేస్త్రీ? పిలవందే మీ ఆడోళ్లు రారు. నాను మొగోడిని, బొట్టెట్టనా?"

నేను గుమ్మం వెనక నిలబడి ఉన్నాను. ఎదురింటి అరుగు మీద డా ఖిన్ ఒంటరిగా గోంగూర వలుస్తోంది. విన్నదో లేదో, విన్నా ఎంత అర్థమైందో నాకు తెలియలేదు.

మర్నాడు పొద్దున డా ఖిన్ మొహింగా అంగడి పెట్టలేదు. బర్మా ఆడవాళ్లు బుగ్గలకి రాసుకునే తనకా ఉందే, చెట్టు బెరడు సాన మీద అరగదీసిన చల్లటి గంధం, అది గిన్నె నిండా తీసుకుని వీధిలోకి దిగింది. మొదటి గుమ్మం ఎక్కి ఆ ఇంటి ఇల్లాలి బుగ్గ మీద ఒక చుక్క పెట్టింది.

"సామి పండగ. రావాల. అక్క పిలిసింది" అంది.

ఆ ఇల్లాలు బుగ్గ పట్టుకుని నిలబడిపోయింది. వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. తనకా బొట్టు కింద చెల్లుతుందా చెల్లదా అని గుసగుసలు మొదలయ్యాయి. చివరికి మా వీధిలో అందరికన్నా పెద్దావిడ, కళ్లు సరిగా ఆనని ముసలమ్మ, కర్ర పొడుచుకుంటూ వచ్చి బుగ్గ చాపింది. "దాని పక్కన కూకుని గోంగూర వలిసిన సెయ్యి కాదేటే? సెల్లుతాది. పెట్టమ్మా" అంది.

అందరూ ఏడ్చారు, అందరూ పెట్టించుకున్నారు. నేను కిటికీ పట్టుకుని చూస్తూ ఉండిపోయాను. అత్త మీద ప్రేమ నా ఒక్కదాని సొత్తు అనుకున్నంతకాలం నాకు తెలియలేదు, అది ఎన్ని గుమ్మాల్లో ఉందో.

ఇంకొకటి. మా అత్త పిలుపు ఎప్పుడూ మా వీధి దాటేది కాదు. డా ఖిన్‌కి ఆ హద్దు తెలియదు. పిలవాలన్నది ఒక్కటే తెలుసు కాబట్టి కనపడ్డ ప్రతి గుమ్మమూ ఎక్కింది. పక్కవీధి అరవవాళ్లని పిలిచింది, చీనా వడ్రంగుల ఇళ్లకి వెళ్లింది, వెనక బర్మా పేటలన్నీ తిరిగింది. గిన్నె ఖాళీ అయితే ఇంటికొచ్చి మళ్లీ అరగదీసుకుని వెళ్లింది.

పండగనాడు మేం ఇంట్లోనే ఉన్నాం. చావు జరిగిన ఇంటి ముందు మేళం మోగకూడదు. దూరంగా డోలు వినపడింది. మావయ్య డోలు కాదు, ఆయన శిష్యుడిది. మా ఇంటి దగ్గరికి వస్తూ వస్తూ ఆగింది. మావయ్య గోడకి ఆనుకుని కళ్లు మూసుకుని కూర్చున్నాడు. నేను కిటికీ తలుపు ఓరగా తీశాను.

ముందు దొర. టోపీ చేత్తో పట్టుకుని, పటం గుండెకి ఆనించుకుని, ఒక్కడే నడుస్తున్నాడు. మా గుమ్మం ముందు తల వంచి దాటిపోయాడు. వెనక సిస్టరమ్మలు, వాళ్ల వెనక డా ఖిన్, వాళ్ల వెనక మా వీధి ఆడవాళ్లు. ఎవరూ మాట్లాడడం లేదు. అడుగుల చప్పుడే.

"దాటిపోనారేటే?" అన్నాడు మావయ్య.

"నేదు మావా, వస్తన్నారు."

మా వాళ్లయిపోయారు. అరవవాళ్లు వచ్చారు. వడ్రంగులు వచ్చారు. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని బర్మావాళ్లు వచ్చారు. నాకు మొహం తెలియని ఆడవాళ్లు, బుగ్గల మీద తనకాతో, మా గుమ్మం ముందుకు రాగానే గొంతు తగ్గించి నడిచారు.

"ఇప్పుడో?"

"ఇంకా వస్తన్నారు."

మావయ్య కళ్లు తెరిచి అడుగుల చప్పుడు వింటూ ఉన్నాడు. ముందున్న దొర అవతల మలుపు తిరిగాక, అక్కడ డోలు మళ్లీ మొదలైంది. ఇటువైపు నేను కిటికీలోంచి మెడ చాచి చూశాను. ఊరేగింపు చివర ఇంకా కనపడలేదు.